బుర్రా వారు కంప్యూటర్‌కి మెమరీ కొన్న వైనం

దొండవాకలో తెలివంతా ఒక్క ఇంట్లోనే కాపురం ఉండేది. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, ఆ ఇంటివాళ్ళే అన్నది.

"ఇంటిపేరే బుర్రా అయ్యాక ఇంక తెలివికి లోటేమిటి?" అనేవాడు బుర్రా సరభయ్య మీసం దువ్వుకుంటూ.

"లోటా? ఎక్కువై కారిపోతుంటేనూ!" అనేది ఆయన భార్య నూకాలమ్మ. పెద్దకొడుకు గవరయ్య, చిన్నకొడుకు అప్పలకొండ అవునవునని తలలూపేవాళ్ళు. ఎందుకు ఊపుతున్నారో వాళ్ళకి తెలియదు. అడగరు కూడా. ఎందుకంటే ఆ ఇంట్లో అడగడం నామోషీ. "అర్థం కానివాడు అడుగుతాడు. మనకి చెప్పకముందే అర్థమైపోతుంది," అని సరభయ్య సిద్ధాంతం.

వాళ్ళ పని పెళ్ళి వీడియోలు తీసి, కంప్యూటర్లో మిక్సింగ్ చేసి ఇవ్వడం. పెళ్ళికూతురు నవ్వితే తెర మీద గులాబీలు రాలతాయి. పెళ్ళికొడుకు నవ్వితే పావురాలు ఎగురుతాయి. మామగారు నవ్వితే ఏం చెయ్యాలో తోచక అక్కడ జలపాతం పెట్టేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకెవరూ ఆ పని చెయ్యరు గనక రోజులు బాగానే గడుస్తున్నాయి.

ఆ ఏడు రైస్ మిల్లు సత్తిరాజుగారి అమ్మాయి పెళ్ళయింది. ఆదివారం మధ్యాహ్నం విందు. ఆ విందులో పెద్ద తెర మీద పెళ్ళి వీడియో వెయ్యాలి. "వియ్యాలవారు నోళ్ళు వెళ్ళబెట్టాలయ్యా సరభయ్యా! తేడా వచ్చిందో, ఈ చుట్టుపక్కల ఇంకెవ్వరూ నీచేత కెమెరా పట్టించరు," అన్నారు సత్తిరాజుగారు. ఆయన మాటంటే మాటే.

తీరా చూస్తే కంప్యూటర్ కదలదు. గులాబీ ఒకటి పైనుంచి బయల్దేరితే పెళ్ళికూతురి ముక్కు దాకా వచ్చి ఆగిపోయింది. గవరయ్య అన్నం తిని వచ్చి చూశాడు, గులాబీ ముక్కు మీదే ఉంది. చెయ్యి కడుక్కుని వచ్చి చూశాడు, అక్కడే ఉంది.

సరభయ్య విశాఖపట్నంలో ఉన్న అల్లుడు త్రినాథ్‌కి ఫోన్ చేశాడు. త్రినాథ్‌కి కంప్యూటర్లంటే పిచ్చి. విడిభాగాలు కొని తనే బిగించుకుంటాడు. ఆఫీసులో ఉన్నా, అన్నం తింటున్నా వాటి గురించి అడిగితే చాలు, మాట్లాడేస్తాడు.

"మెమరీ చాలట్లేదు మావయ్యగారూ. కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. చవకలో మంచి ర్యామ్ కొని, ఓవర్‌క్లాక్ చేసుకోండి. గుర్రంలా పరిగెడుతుంది."

"ఆఁ, అదే అనుకున్నాను," అన్నాడు సరభయ్య.

"పేరు చూసి మోసపోకండి. లైట్లు వెలిగే రకం వద్దు, ఆ లైట్లకి డబ్బు దండగ. టైమింగ్స్ తక్కువున్నది చూసుకోండి. ఒక్కటి కాకుండా జత కొనండి. ఆ రెండూ జత కలవాలి, అది ముఖ్యం. ఇదంతా కాస్త వివరంగా చెప్పనా?"

"మాకా! వివరంగానా!" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు సరభయ్య.

ఈలోగా నూకాలమ్మకి మెమరీ అన్న మాట చెవిన పడింది. అంటే జ్ఞాపకశక్తే కదా! పరీక్షలప్పుడు పిల్లలకి రాసే సరస్వతి ఆకు నూనె తెచ్చి మాడుకి అంటినట్టు కీబోర్డుకి అంటింది. గవరయ్య ఒక అక్షరం నొక్కితే వేలు జారి పక్క అక్షరం పడసాగింది. తెర మీద "శుభవివాహం" అని రాయబోతే "శుభవిపాహం" అని వచ్చింది.

"చూశారా, తనంతట తనే ఆలోచిస్తోంది! నూనె పనిచేసింది!" అంది నూకాలమ్మ.

మర్నాడు తండ్రీకొడుకులు టౌన్‌కి వెళ్ళారు. మొదటి కంప్యూటర్ కొట్టు ముందు బోర్డు ఉంది, ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు అని.

"టైమింగ్స్ ఎక్కువ. పదండ్రా," అన్నాడు సరభయ్య.

రెండో కొట్టూ అంతే. మూడోదీ అంతే. ఎండలో తిరగ్గా తిరగ్గా సందు చివర ఒక కొట్టు షట్టరు దించి ఉంది. పక్కన టీ కాచేవాణ్ణి అడిగితే, "బషీర్ భాయా? ఆయన బుద్ధి పుడితే తీస్తాడు. తీసినా టీ తాగేలోపు మూసేస్తాడు," అన్నాడు.

ఇంకేముంది! ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. ఇంతకన్నా తక్కువ టైమింగ్స్ దేశంలో ఎక్కడ దొరుకుతాయి? అక్కడే అరుగు మీద కూర్చున్నారు. పొద్దు వాలాక బషీర్ వచ్చి షట్టరు ఎత్తాడు, ట్యూబులైట్లు వేశాడు.

"ముందు ఆ లైట్లు ఆర్పవయ్యా," అన్నాడు సరభయ్య.

"ఎందుకండీ?"

"లైట్లు వెలిగేచోట కొంటే దండగని మా అల్లుడు చెప్పాడు. నీ కరెంటు బిల్లు మా నెత్తిన రుద్దుదామనా? చవకలో మంచి మెమరీ జత ఒకటి తియ్యి."

బషీర్ లైట్లు ఆర్పాడు. చీకట్లో తడుముకుంటూ ఒక పెట్టె తీశాడు. బషీర్ కొట్టు ఎప్పుడు తీస్తాడో తెలియదు గానీ, తీసినప్పుడు మంచి సరుకే ఇస్తాడు. "ఇది తీసుకోండి. చవక, గట్టిది, హంగులేమీ లేవు. రెండూ ఒకే పెట్టెలో వచ్చిన జత. కాస్త స్పీడు పెంచినా తట్టుకుంటాయి," అన్నాడు.

సరభయ్య ఆ రెండు మెమరీ బద్దల్నీ గుమ్మం దగ్గరికి తెచ్చి వెలుతుర్లో చూశాడు. వాటిమీద పేరుంది!

"మోసం! పేరు చూపించి మోసం చేద్దామనుకుంటున్నాడు! పీకరా అప్పలకొండా!"

అప్పలకొండ గోళ్ళతో బరబరా గీకేశాడు. బషీర్ లబోదిబోమన్నాడు. "అయ్యో, ఆ స్టిక్కర్ పోతే గ్యారంటీ పోతుందండీ! రేపు పాడైనా మార్చి ఇవ్వరు!"

"పోతే గ్యారంటీయే పోతుంది. మోసపోతే పరువు పోతుంది," అన్నాడు సరభయ్య. ఆ మాట తనకే అంత నచ్చి ఇంకోసారి అన్నాడు.

బస్సు దిగి ఇంటికి వస్తుంటే గవరయ్యకి గుర్తొచ్చింది. "నాన్నా, జత కలవాలన్నాడు కదా బావ. చూపించొద్దూ?"

అంతే. ముగ్గురూ తిన్నగా సూరన్న సిద్ధాంతి ఇంటికి వెళ్ళారు. ఆయన వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు.

"జత కలుస్తుందో లేదో చూడాలండీ సిద్ధాంతిగారూ," అన్నాడు సరభయ్య.

సిద్ధాంతి కళ్ళు తెరవకుండానే పంచాంగం అందుకున్నారు. "పుట్టిన తేదీ చెప్పు."

గీకేసిన స్టిక్కర్ అప్పలకొండ బొటనవేలికి అంటుకునే ఉంది. దానిమీద తయారైన తేదీ చదివాడు.

"రెండోవారిది?"

"అదేనండి."

"పుట్టిన ఊరు?"

"ఊరు తెలీదండి, చైనా."

"రెండోవారిది?"

"చైనాయేనండి."

సిద్ధాంతికి ఎక్కడో అనుమానం తగిలింది. "ఏ ఇంటివాళ్ళయ్యా వీళ్ళు?"

"ఇద్దరూ ఒకే కంపెనీయండి. ఒకే పెట్టెలోంచి వచ్చారు."

సిద్ధాంతి పంచాంగం విసిరికొట్టి లేచారు. "శివశివా! ఒకే రోజు, ఒకే ఊరు, ఒకే కడుపు! కవలలకి పెళ్ళి చేస్తావుటయ్యా సరభయ్యా? వెంటనే విడదియ్యి! వేరే గోత్రం చూడు!"

సరభయ్య లెంపలు వేసుకున్నాడు. ఎంత ఘోరం తప్పింది! మర్నాడు పొద్దున్నే గవరయ్య మళ్ళీ టౌన్‌కి పరిగెత్తాడు. వేరే కొట్లో, వేరే కంపెనీది, వేరే దేశంలో పుట్టినది, దొరికిన ధరకి ఒక బద్ద కొనుక్కొచ్చాడు. తోబుట్టువుల్లో ఒకదాన్ని నూకాలమ్మ పట్టుచీర మడతలో పెట్టి బీరువాలో దాచింది, ఎప్పటికైనా దానికీ ఒక సంబంధం దొరక్కపోతుందా అని. రెండోదానికీ, కొత్తదానికీ పసుపూ కుంకుమా పెట్టి, గవరయ్య కంప్యూటర్లో టకటకా నొక్కాడు.

కంప్యూటర్ ముక్కుతూ మూలుగుతూ లేచింది. గులాబీ ముక్కు మీదినుంచి జారి పెదవి మీద ఆగింది.

"కొత్త కాపురం కదా, సర్దుకోవాలి," అంది నూకాలమ్మ.

మళ్ళీ త్రినాథ్‌కి ఫోన్ చేశారు.

"కొన్నారా? భేష్. ఇప్పుడు ఓవర్‌క్లాక్ చెయ్యండి. ఒక్కసారిగా పైకి పోవద్దు. ఒక్కో మెట్టూ పైకి తీసుకెళ్ళండి. మెట్టు మెట్టుకీ టెస్టు పెట్టండి. ఎక్కడైనా హ్యాంగ్ అయిందా, ఒక మెట్టు కిందికి దిగండి. వేడెక్కుతుంది, చల్లగా చూసుకోవాలి. అంతే మావయ్యగారూ. ఎలా చెయ్యాలో తెలుసుగా?"

"తెలుసా అని అడగాలా అల్లుడుగారూ!"

ఫోన్ పెట్టి సరభయ్య ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాడు. "ఓవర్ అంటే?"

"పైన," అన్నాడు గవరయ్య.

"క్లాక్ అంటే?"

"గడియారం," అన్నాడు అప్పలకొండ.

"మరి చూస్తారేం?"

ఇంకేముంది! హాల్లో గోడగడియారం దిగింది. దాన్ని కంప్యూటర్ పెట్టె నెత్తిమీద పెట్టి, కొబ్బరితాడుతో కట్టారు. తర్వాత మేడమెట్ల దగ్గరికి మోసుకొచ్చారు. పెట్టె గవరయ్య నెత్తిన, తెర అప్పలకొండ చంకలో, గోడ ప్లగ్గులో గుచ్చే ఉన్న కరెంటు తీగ నూకాలమ్మ చేతిలో. సరభయ్య వెనకనుంచి పర్యవేక్షణ. మిట్టమధ్యాహ్నం ఎండ. వీధిలో జనం ఆగి చూస్తున్నారు.

మొదటి మెట్టు ఎక్కారు.

"టెస్టు పెట్టండి," అన్నాడు గవరయ్య పెట్టె కిందినుంచి.

సరభయ్య గొంతు సవరించుకున్నాడు. "పదిహేడు పద్దెనిమిదులెంత?"

కంప్యూటర్ పలకలేదు.

"తప్పు చెప్పిందా?" అని అడిగింది నూకాలమ్మ.

"లేదు, తప్పు చెప్పలేదు."

"అయితే పాసే!"

రెండో మెట్టు. "గోదావరి ఎక్కడ పుట్టింది?" తప్పు చెప్పలేదు. పాస్. మూడో మెట్టు. "మీ తాతగారి పేరేమిటి?" తప్పు చెప్పలేదు. "అబ్బో, నా కొడుకులకన్నా నయం," అనుకున్నాడు సరభయ్య. ఆయన కొడుకులు ప్రతిదానికీ తప్పు చెప్పేవాళ్ళు.

అలా సగం మెట్లెక్కేసరికి కరెంటు తీగ చాలక బిర్రుగా సాగి, గోడలోంచి ప్లగ్గు ఫట్టున ఊడింది. తెర నల్లబడింది.

"హ్యాంగ్!" అని అరిచాడు అప్పలకొండ. "ఒక మెట్టు దిగండి!"

దిగారు. తెర నల్లగానే ఉంది. ఇంకో మెట్టు దిగారు. అంతే. ఇంకోటి దిగారు. చివరికి మెట్లు అయిపోయి నేలమీదికి వచ్చారు. ఇంక దిగాలంటే నుయ్యి తవ్వాల్సిందే. గవరయ్య నేలమీద గొంతుక్కూర్చున్నాడు. తెర అప్పటికీ నల్లగానే ఉంది. నూకాలమ్మ పెట్టె మీద చెయ్యి వేసి, "అమ్మో!" అని లాక్కుంది. ఇంతసేపూ ఎండలో ఉందేమో, ఇనుప రేకు పెనంలా కాలిపోతోంది.

"వేడెక్కిందండీ! అల్లుడుగారు ముందే చెప్పారు, చల్లగా చూసుకోమని!"

"మరి చూడవే!"

చల్లంటే మజ్జిగే కదా. నూకాలమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. పొద్దున చిలికిన చల్ల కుండెడు ఉంది. వట్టిది పోస్తే బాగుండదని కాస్త అల్లం, ఉప్పు, కరివేపాకు వేసింది. తెచ్చి, పెట్టె పక్కనున్న చిల్లుల్లోంచి ధారగా పోసింది. "తాగు నాయనా, తాగు. ఎండన పడి వచ్చావు," అంటూ కుండ ఖాళీ అయ్యేదాకా పోసింది.

అప్పలకొండ ప్లగ్గు ఊడిందని కనిపెట్టింది అప్పుడే. "అయ్యో, కరెంటే లేదు!" అని వెళ్ళి గుచ్చాడు.

టప్పుమంది. పోపు కమురు వాసన వచ్చింది. ఇంట్లో లైట్లన్నీ ఆరిపోయాయి.

పెట్టె అడుగునుంచి చల్ల బొట్లు బొట్లుగా కారుతోంది. సరభయ్య మెట్టుమీద కూలబడ్డాడు. సత్తిరాజుగారి మొహం కళ్ళముందు మెదిలింది. పెళ్ళంతా ఆ పెట్టెలోనే ఉంది. మళ్ళీ తీద్దామంటే పెళ్ళి మళ్ళీ చెయ్యరు. ఆ ఊళ్ళో ఆయన చెయ్యగల పని అదొక్కటే. నూకాలమ్మ ఖాళీ కుండ ఒళ్ళో పెట్టుకుని, "చల్ల పులిసిందేమోనండీ, అందుకే పడలేదు," అని ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే కొడుకులిద్దరూ ఏడ్చారు. సరభయ్య తుండుతో మొహం కప్పుకుని, మొదటిసారిగా తనంతట తనే అన్నాడు: "అల్లుణ్ణి రమ్మనండ్రా."

త్రినాథ్ మర్నాడు పొద్దున్నే బస్సు దిగాడు. పెట్టె విప్పాడు. లోపలి ఫ్యానుకి కరివేపాకు తోరణంలా చుట్టుకుని ఉంది. తాడు, గడియారం, పసుపు, కుంకుమ, అల్లం ముక్కలు చూశాడు.

"ఓవర్‌క్లాక్ అంటే మెమరీ పనిచేసే వేగాన్ని కంప్యూటర్ లోపల సెట్టింగుల్లో కాస్త పెంచడం మావయ్యగారూ. టైమింగ్స్ అంటే కొట్టు వేళలు కాదు, ఆ మెమరీ బదులివ్వడానికి పట్టే సమయం. అడిగితే చెప్పేవాణ్ణి కదా?"

"అడగడం మా వంశంలో లేదండీ," అన్నాడు సరభయ్య, కానీ ఈసారి గొంతులో బలం లేదు.

త్రినాథ్ అన్నీ విడదీసి, తుడిచి, కడిగి, ఆరబెట్టాడు. కాలిపోయింది కరెంటు అందించే డబ్బా ఒక్కటే. అది కొత్తది తెచ్చి వేశాడు. వేరే గోత్రం బద్ద పీకేసి, "దీని తోటిదేదీ?" అన్నాడు. నూకాలమ్మ బీరువాలోంచి తీసిచ్చింది, "పాపం మీకే చుట్టుకుంటుంది బాబూ," అంటూ. కవలలు రెండూ పక్కపక్కన కూర్చున్నాయి. త్రినాథ్ స్పీడు కొంచెం పెంచాడు, చూశాడు, ఇంకొంచెం పెంచాడు. గులాబీలు జలజలా రాలాయి. పావురాలు రివ్వున ఎగిరాయి. మామగారి జలపాతం హోరున దూకింది. శనివారం సాయంత్రానికి వీడియో అయిపోయింది. త్రినాథ్ దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాడు.

సరభయ్యకి ప్రాణం లేచొచ్చింది. త్రినాథ్‌ని బస్సెక్కించడానికి ఇంటిల్లిపాదీ వెళ్ళారు.

"పెన్‌డ్రైవ్ జాగ్రత్త మావయ్యగారూ. విందు మొదలైనప్పటినుంచి అయ్యేదాకా వీడియో రన్ అవుతూనే ఉండాలి. మధ్యలో ఆగిందా, సత్తిరాజుగారు ఊరుకోరు," అన్నాడు త్రినాథ్.

ఇంతవరకూ వాళ్ళు వీడియో చేతికిచ్చి వచ్చెయ్యడమే గానీ, దగ్గరుండి నడిపింది లేదు. సరభయ్య కాసేపు ఆలోచించాడు. దెబ్బ తిన్నవాడు కదా, ఈసారి వంశాచారం పక్కనపెట్టి అడిగాడు. "అల్లుడుగారూ, సిగ్గు విడిచి అడుగుతున్నాను. రన్ చెయ్యడానికి ఎవరైతే బాగుంటుంది?"

త్రినాథ్ మురిసిపోయాడు. మావగారు నోరు విప్పి అడిగారు! "ఎవరైనా ఫర్వాలేదండీ. కాస్త చురుకైనవాళ్ళైతే చాలు," అన్నాడు. బస్సు కదిలిపోయింది.

"చూశారా, అడిగితే ఎంత సుఖమో!" అన్నాడు సరభయ్య.

ఆదివారం సత్తిరాజుగారి మిల్లు ఆవరణ అంతా షామియానాలు. పెద్ద తెర కట్టారు. వియ్యాలవారు ముందు వరసలో కూర్చున్నారు. విస్తళ్ళలో పూర్ణాలు పడ్డాయి. సత్తిరాజుగారు చెయ్యెత్తి సైగ చేశారు.

అంతే. అప్పలకొండ పంచె ఎగగట్టి, పెన్‌డ్రైవ్ గుప్పిట్లో బిగించి పరుగు అందుకున్నాడు. తెర చుట్టూ తిరిగాడు. వంటశాల వెనకనుంచి వచ్చాడు. వడ్డించేవాళ్ళ మధ్యలోంచి దూరి, పెళ్ళికొడుకు కుర్చీ పక్కనుంచి దూసుకుపోయాడు.

"ఏమయ్యా సరభయ్యా, వీడియో ఏదీ?" అన్నారు సత్తిరాజుగారు.

"అదుగోనండీ, రన్ అవుతోంది!"

"ఏమిటి అవుతోంది? తెర తెల్లగా ఉంటేనూ! వాణ్ణి ఆపు ముందు!"

"ఆగకూడదండీ. ఆగితే మీరు ఊరుకోరుట!"

అప్పలకొండకి ఆయాసం వచ్చింది. గవరయ్య ఎదురెళ్ళి పెన్‌డ్రైవ్ అందుకుని పరుగు సాగించాడు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. వియ్యాలవారు సత్తిరాజుగారు కోరినట్టే నోళ్ళు వెళ్ళబెట్టారు. పూర్ణం కొరికిన వాళ్ళు కొరికినట్టే ఉండిపోయారు.

"పట్టుకోండ్రా వాణ్ణి!" అని గర్జించారు సత్తిరాజుగారు. మిల్లు కూలీలు లేచారు, వంటవాళ్ళు గరిటెలతో లేచారు, పెళ్ళికొడుకు తమ్ముళ్ళు లేచారు. గవరయ్య ముందు, జనమంతా వెనక. ధాన్యం బస్తాల మీదినుంచి, కళ్ళం మీదినుంచి, గేటు దాటి ఊరి మీద పడ్డారు.

నూకాలమ్మ ఆనందంతో కళ్ళు ఒత్తుకుంది. "మన వీడియో కోసం ఊరంతా ఎలా ఎగబడుతోందో చూడండి!"

సరభయ్య మీసం దువ్వుకుని, పళ్ళు పటపటలాడిస్తున్న సత్తిరాజుగారి పక్కకి చేరి, వినయంగా వంగి అడిగాడు:

"ఈ స్పీడు చాలాండీ, ఇంకొంచెం పెంచమంటారా?"